కల్ట్ సినిమా ఫ్రెండ్స్‌కి యూరప్ మూకీలు ఎలా అలవాటు చెయ్యాలి

మూకీ సినిమా ఒకటుంది చూడు అన్నామంటే చాలు, ఎదుటివాళ్ల మొహం మారిపోద్ది. అదే మనిషి కొరియన్ థ్రిల్లర్లు సబ్‌టైటిల్స్ పెట్టుకుని రాత్రి రెండింటి దాకా చూస్తాడు, విఠలాచార్య సినిమాల్లో ఏ దెయ్యం ఏ సీన్లో వస్తుందో గుక్క తిప్పుకోకుండా చెప్తాడు, డెబ్బైల నాటి ఇటాలియన్ హారర్ ఎక్కడ దొరుకుద్దో మనకే లింకు పంపిస్తాడు, కానీ 1920ల నాటిది, మాటలుండవు అనగానే "అబ్బా, అది సిలబస్ సినిమా కదా" అనేస్తాడు. ఈ మాట సిరిపురంలో టీ తాగుతా, బీచ్ రోడ్డు గోడ మీద కూర్చుని, ఎంవీపీ కాలనీలో ఫ్రెండ్స్ రూముల్లో ఎన్నిసార్లు విన్నానో. నిజానికి కల్ట్ సినిమా ఇష్టపడేవాళ్లకే ఇవి అందరికన్నా బాగా ఎక్కుతాయి. వాళ్లు వెతుక్కునేవి అవేగా, ఎవరూ చూడని ఊహ, చేత్తో చేసిన మాయ, సెన్సారోళ్లు ఆపేసినవి, ప్రభుత్వాలు దాచేసినవి. మనం చెప్పే పద్ధతిలోనే తేడా ఉంది. నేను కొన్నేళ్లుగా వైజాగ్‌లో ఒక్కొక్కళ్లకీ చూపిస్తా నేర్చుకున్నది ఇక్కడ పెడుతున్నా.

ముందుగా, లిస్టులు పంపకండి. "తప్పక చూడాల్సిన 25 మూకీలు" అని వాట్సాప్‌లో పెడితే అందరూ ఒక దండం ఎమోజీ పెట్టి వదిలేస్తారు, ఎవరూ చూడరు. ఒక మనిషికి ఒక సినిమా, అంతే. ఇంకోటి, అందరికీ తెలిసిన జర్మనీ మూకీలు కాలిగరీ, నోస్ఫెరాతు, మెట్రోపొలిస్ చెప్పకండి. బాగోక కాదు, అద్భుతాలే, కానీ కల్ట్ సినిమా పిచ్చున్న ఎవడైనా వాటి పోస్టర్లు వందసార్లు చూసుంటాడు, సగంలో ఆపేసి చూశానని కూడా చెప్పుకుంటా ఉంటాడు. వాడు పేరు కూడా వినని సినిమా చెప్తేనే చెవులు నిక్కబొడుచుకుంటాయి.

మొదటిసారి చిన్నది ఇవ్వండి. నేను దాదాపు అందరికీ ముందు ఇచ్చేది స్టారెవిచ్ తీసిన ది కెమెరామెన్స్ రివెంజ్. 1912లో రష్యాలో తీశాడు, పదమూడు నిమిషాలు కూడా పూర్తిగా ఉండదు. అందులో నటులు పురుగులు. చచ్చిన పురుగుల కాళ్లకి సన్నటి తీగలు పెట్టి ఫ్రేము ఫ్రేముకీ కదిలించి తీసిన సినిమా. కథేంటంటే పేడపురుగు లాంటి ఒక పెద్దమనిషి టౌనుకెళ్లి డాన్సు చేసే తూనీగతో తిరుగుతాడు, ఇంట్లో పెళ్లాం ఇంకోడితో ఉంటది, ఆ తూనీగ మీద మనసున్న మిడత ఒకడు సినిమా కెమెరామెన్, వాడు పెద్దమనిషి వ్యవహారం మొత్తం రీలుకెక్కించి అదే మొగుడూ పెళ్లాలు చూడ్డానికొచ్చిన హాల్లో తెర మీద వేసేస్తాడు. మెసేజ్ ఎలా పెట్టాలంటే, గొప్పతనం గురించి ఒక్క ముక్క రాయకుండా, "అన్నా, పదమూడు నిమిషాలు, నిజం పురుగులతో తీసిన అక్రమసంబంధం కథ, 1912, చూసి చెప్పు" అని. ఇది పెట్టాక ఇప్పటిదాకా నాకు రిప్లై రాకుండా పోలేదు. గాజువాక నుంచి బస్సులో వస్తా చూసేసి మద్దిలపాలెం దిగేలోపు ఫోన్ చేసినవాడున్నాడు.

ఇప్పుడు ప్రింటు సంగతి, దీని మీద కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. మూడేళ్ల కిందట పెదవాల్తేరులో ఫ్రెండ్ వాళ్ల మేడ మీద ఎనిమిది మందిని పోగేసి ఒక స్వీడన్ సినిమా వేశా, నెట్‌లో మొదట కనపడిన కాపీ దింపేసి, ముందు చూసుకోకుండా. మనుషులు ఎవరో తరుముతున్నట్టు పరిగెత్తుతున్నారు, మధ్యమధ్యలో మాటలు రాసి చూపించే కార్డు చదివేలోపు పోతుంది, మొహాలు సున్నం పూసినట్టు తెల్లగా, వెనకాల ఒకటే పియానో ముక్క తిప్పి తిప్పి వస్తుంది, చావు సీన్‌కీ అదే, తాగుబోతు సీన్‌కీ అదే. అరగంటకి ముగ్గురు మెల్లగా కిందకి దిగిపోయారు. వాళ్లని ఒక్కమాట అనలేం. ఆ రోజు వాళ్లు చూసింది ఆ సినిమానే కాదు.

అందుకే మూడు చూసుకోండి. ఒకటి స్పీడు. అప్పట్లో కెమెరా చేత్తో తిప్పేవాళ్లు, సెకనుకి 16 నుంచి 20, 22 ఫ్రేముల దాకా ఉండేది, దాన్ని ఇప్పటి 24 మీద వదిలేస్తే అందరూ గెంతుతున్నట్టే ఉంటది. మంచి కాపీ దొరక్కపోతే ఒక చిట్కా ఉంది, యూట్యూబ్‌లో స్పీడు 0.75 పెట్టండి, 24లో అది 18 అవుద్ది, చాలా మూకీలకి దగ్గరి స్పీడు. అప్పుడు సౌండు పాడవుతుంది కాబట్టి మ్యూట్ చేసి వేరే సంగీతం పెట్టుకోవాలి. రెండోది రంగు. మూకీలంటే బ్లాక్ అండ్ వైట్ అనుకుంటాం కానీ చాలావాటికి సీన్ల వారీగా రీలుకి రంగు అద్దేవాళ్లు, రాత్రికి నీలం, ఇంట్లో దీపం వెలుగుకి పసుపు, మంటలకి ఎరుపు. ఇది షోకు కాదు, కథ అర్థం కావడానికే. నోస్ఫెరాతు బ్లాక్ అండ్ వైట్ కాపీలో ఆ పిశాచం మిట్టమధ్యాహ్నం శవపేటిక మోసుకుని వీధిలో నడుస్తా ఉంటాడు, ఎండకి చచ్చిపోయే పిశాచానికి ఇదేంటి అని నవ్వొస్తది. తీసింది పగలే, కానీ నీలం రంగు వేసి రాత్రిగా చూపించారు, ఆ నీలం పోయిన కాపీలు మన చేతికొచ్చాయి. మాయాబజార్లో కెమెరామెన్ మార్కస్ బార్ట్లే తెర మీద వెన్నెల సృష్టించాడని మురిసిపోయే మనకి ఈ విషయం చెప్తే ఇట్టే అర్థమైపోద్ది. మూడోది సంగీతం. మాటలున్న పాటలు వద్దేవద్దు, చెవి మాట వైపు వెళ్లిపోద్ది. పూర్తి నిశ్శబ్దం కూడా వద్దు, ఫ్యాన్ చప్పుడు, పక్కింటి టీవీ సినిమాని మింగేస్తాయి.

ఎక్కడ దొరుకుతాయంటే, డెన్మార్క్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వాళ్ల మూకీలు ఆన్‌లైన్‌లో ఫ్రీగా పెట్టారు, క్వాలిటీ కూడా చక్కగా ఉంటది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చాలా ఉన్నాయి కానీ ఒకటే సినిమాకి నాలుగు కాపీలుంటాయి, నాలుగూ తెరిచి మొదటి రెండు నిమిషాలు చూసి ఎంచుకోండి. మన దేశంలో సినిమాకి కాపీరైట్ 60 ఏళ్లు కాబట్టి మూకీలు ఆ గడువు ఎప్పుడో దాటేశాయి, కాకపోతే కొత్తగా రిస్టోర్ చేసినప్పుడు కట్టిన సంగీతానికి వేరే హక్కులుంటాయి, ఇంట్లో చూడ్డం వేరు, హాలు తీసుకుని పదిమందికి వెయ్యాలంటే మాత్రం అది కనుక్కోవాలి.

ఇక అసలు పని, మనిషిని చూసి సినిమా చెప్పడం. అవతలి మనిషికి తెలుగులోనే ఏం పిచ్చి ఉందో పట్టుకుంటే సగం అయిపోయినట్టే.

విఠలాచార్య, పాతాళభైరవి మనుషులకి లోటె రైనిగర్ తీసిన ది అడ్వెంచర్స్ ఆఫ్ ప్రిన్స్ అక్మెద్ ఇవ్వండి. జర్మనీ, 1926, గంటా అయిదు నిమిషాలు ఉంటుంది. ఇప్పటికీ మిగిలున్న ఫుల్ లెంగ్త్ యానిమేషన్ సినిమాల్లో ఇదే పాతది, తీసింది ఒక ఆడమనిషి, చేతిలో కత్తెర పట్టుకుని మూడేళ్లు కూర్చుని నల్ల అట్టలు కత్తిరించి, కీళ్ల దగ్గర తీగతో కట్టి, కింద నుంచి వెలుగొచ్చే అద్దం బల్ల మీద పెట్టి ఒక్కో ఫ్రేము తీసింది. మన తోలుబొమ్మలాట ఎరిగినవాళ్లకి పరిచయమే అక్కర్లేదు, తేడా ఏంటంటే మన బొమ్మల్లోంచి రంగులు మెరుస్తాయి, ఆవిడ బొమ్మలు నల్లగా ఉండి వెనకాల ఆకాశానికి రంగు ఉంటది. ఎగిరే గుర్రం, అల్లాద్దీన్, మాంత్రికుడూ మంత్రగత్తే రూపాలు మార్చుకుంటా కొట్టుకునే సీను, మా అక్క కూతురు ఎనిమిదేళ్ల పిల్ల ఆ కొట్లాట మూడుసార్లు వెనక్కి తిప్పించుకుని చూసింది. రాకుమారి వేళ్లు చూడమని చెప్పండి, అంత చిన్న అట్టముక్కలో చెయ్యి వెనక్కి తీసుకోవడంలో సిగ్గు కనిపిస్తది.

అదే జానపదం ఇష్టమై, కండబలం హీరోలంటే పడిచచ్చేవాళ్లకి ఇటలీ నుంచి మాచిస్తే ఇన్ హెల్. 1926. ఇది చెప్పినప్పుడు హీరో కథ కూడా చెప్పాలి. బార్తొలొమియో పగానో అనే ఆయన జెనోవా పోర్టులో బరువులు మోసే మనిషి, 1914లో కబీరియా అనే పెద్ద సినిమాకి బలమైన బానిస వేషం కోసం ఆయన్ని తీసుకున్నారు, జనానికి ఎంత నచ్చేశాడంటే ఆ మాచిస్తే పాత్ర మీదే తర్వాత వరసపెట్టి సినిమాలు తీశారు. ఈ సినిమాలో ఆయన నరకానికెళ్తాడు, దెయ్యాల్ని చేత్తో ఎత్తి కొడతాడు, పాతాళ రాణి ముద్దు పెట్టగానే తనూ ఒంటినిండా బొచ్చుతో దెయ్యం అయిపోతాడు. మా ఫ్రెండ్ వాళ్ల మావయ్య పోర్టులో పనిచేసి రిటైరయ్యాడు, మేం మేడ మీద ఇది వేస్తుంటే నీళ్లు పట్టుకొచ్చి మెట్ల దగ్గరే నిలబడి, "ఏటిరా ఇది, మాటల్లేవేటి?" అన్నాడు. "మావయ్యా, ఈ హీరో మన కళాసీలాంటోడే, ఇటలీ పోర్టులో మూటలు మోసేవాడు" అన్నా. ఆయన ఇంకేం మాట్లాడలేదు, చాప మీద కూర్చున్నాడు, పది నిమిషాలకి "నిజమేరా, ఆడు బరువెత్తే తీరు చూడు, నడుంతో కాదు, మోకాళ్లతో లేపుతున్నాడు" అన్నాడు. మా ఎవరికీ తట్టని సంగతి అది. పుస్తకాలు చదివి చెప్పే నాలుగు మాటల కన్నా అవతలి మనిషి బతుకులోంచి తగిలే ఒక్క కొక్కెం దొరికితే చాలు.

కెమెరా మాయలు, డబుల్ ఎక్స్‌పోజర్లు అంటే ఇష్టమున్నవాళ్లకి ది ఫాంటమ్ క్యారేజ్. నేను ఆ రోజు పాడుచేసిన స్వీడన్ సినిమా ఇదే, తర్వాత మంచి కాపీతో మళ్లీ వేశా, వెళ్లిపోయిన ముగ్గుర్లో ఇద్దరు వచ్చారు. 1921 జనవరి 1న రిలీజైంది, కథ కూడా డిసెంబర్ 31 రాత్రిదే. ఆ రాత్రి పన్నెండు కొట్టేటప్పుడు ఆఖరున చచ్చిపోయినవాడు తర్వాత ఏడాదంతా మృత్యువు బండి తోలాలి, చచ్చినవాళ్ల ఆత్మల్ని ఎక్కించుకోవాలి. యముడి దున్నపోతు తెలిసిన మనకి ఇది కొత్త కాదు, కానీ ఇక్కడ ఆ బండివాడు దేవుడు కాదు, మనలాంటి మనిషే, అలిసిపోయి ఉంటాడు, తోలలేక తోలుతా ఉంటాడు. మూలకథ సెల్మా లాగర్‌లోఫ్ నవల, సాహిత్యంలో నోబెల్ అందుకున్న మొదటి మహిళ ఆవిడ. డైరెక్టర్ విక్టర్ స్యోస్ట్రోమ్ తనే తాగుబోతు డేవిడ్ హోమ్‌గా చేశాడు. దెయ్యంబండి గోడల్లోంచి, మనుషుల్లోంచి వెళ్తుంది, అదంతా ఒకే రీలుని వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ ఎక్స్‌పోజ్ చేసి తీసింది, చేత్తో తిప్పే కెమెరాతో ప్రతిసారీ అదే వేగం రావాలి, ఒక్కసారి చెయ్యి తడబడితే మొత్తం పోద్ది. నేను ఎవరికి చెప్పినా చెప్పే సీను ఒకటే, బండి సముద్రం మీద అలల్లో వస్తది, బండివాడు దిగి నీళ్ల అడుగున మునిగిపోయిన మనిషి కోసం వెళ్తాడు. పెదవాల్తేరు మేడ మీద, అవతల నిజం సముద్రం హోరు వినపడుతుంటే ఆ సీను వచ్చినప్పుడు ఎవరూ ఊపిరి కూడా గట్టిగా తియ్యలేదు. గొడ్డలితో తలుపు బద్దలుకొట్టే సీను కూడా ఉంది, అలాంటి సీనే ఉన్న హారర్ సినిమా ది షైనింగ్ చూసినవాళ్లకి ముందే చెప్పకండి, వాళ్లే లేచి కూర్చుంటారు. ఇంకో మాట, ఈ సినిమాకి మత్తి బియే అనే ఆయన కట్టిన సంగీతం ఒకటి, కేటీఎల్ అనే సంగీత బృందం వాళ్లది ఇంకోటి ఉన్నాయి. మొదటిది మెత్తగా గుండె పిండుతుంది, రెండోది మోటారు హోరులా లోపల్నుంచి భయపెడుతుంది, మెటల్ వినే కుర్రాళ్లకి రెండోదే పెట్టండి.

సైకో థ్రిల్లర్లు, పిచ్చి ప్రేమ కథలు చూసేవాళ్లకి ఆంథొనీ ఆస్క్విత్ తీసిన ఎ కాటేజ్ ఆన్ డార్ట్‌మూర్, ఇంగ్లండ్, 1929. సెలూన్లో పనిచేసే కుర్రాడు, అదే షాపులో గోళ్లు తీర్చే అమ్మాయి, ఆ అమ్మాయిని చేసుకోబోయే రైతు. ఆ రైతు గడ్డానికి ఈ కుర్రాడే కత్తి పెట్టాల్సి వస్తది, ఇంతకన్నా చెప్పను. మధ్యలో సినిమాహాల్ సీనుంది, తెర మనకి ఒక్కసారి కూడా చూపించడు, చూసేవాళ్ల మొహాలే. ముందు మూకీ ఆడుతుంటే జనం నవ్వుతా గెంతుతా ఉంటారు, వాయిద్యాలోళ్లు చెమటలు కక్కుతా వాయిస్తా ఉంటారు, తర్వాత టాకీ మొదలవగానే వాళ్లు వాయిద్యాలు పక్కన పెట్టేస్తారు, జనం బిగుసుకుపోతారు. మూకీలు చచ్చిపోతున్న ఏడాది మూకీలోనే తీసిన సీను అది, నాకైతే చూసిన ప్రతిసారీ గొంతు పట్టేస్తది.

గవర్నమెంట్ ఆఫీసుల చుట్టూ తిరిగి విసిగిపోయినవాళ్లు, లేదా ఆఫీసులో పనిచేసేవాళ్లు ఉంటే జార్జియా సినిమా మై గ్రాండ్‌మదర్, 1929, కోటె మికబెరిద్జె. ఉద్యోగం ఊడిన గుమాస్తాకి మళ్లీ ఉద్యోగం కావాలంటే ఒక "అమ్మమ్మ" కావాలి, అంటే వెనకాల ఉండి సిఫార్సు చేసే పెద్ద తలకాయ. మన దగ్గర బాబాయ్ ఉన్నాడా అంటామే, అదే. బొమ్మలు కదలడం, టేబుళ్ల మీద పడి బొమ్మకార్లతో ఆడుకునే ఆఫీసర్లు, అంతా పిచ్చి పిచ్చిగా ఉంటది, సోవియట్ ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు. నిషేధించారు అన్న ఒక్క మాట చాలు మనవాళ్లు చూడ్డానికి, కానీ చూశాక నచ్చేది మాత్రం ఆ ఆఫీసే.

వెబ్ సిరీస్‌లు రాత్రంతా చూసేవాళ్లకి ఫ్రాన్స్ నుంచి లె వాంపిర్, 1915, 16ల్లో పది భాగాలుగా వచ్చింది, మొత్తం దాదాపు ఏడు గంటలు, పేరుకి పిశాచాలు కానీ అది దొంగల ముఠా, నల్ల బిగుతు బట్టల్లో ముసిదొరా అనే నటి ఇళ్లకప్పుల మీద పాకుతుంటే చూడాలి. పూర్తిగా చూడమనకండి, మూడో భాగంతో మొదలుపెట్టమనండి, ఆవిడ వచ్చేది అక్కడే. సైన్స్ ఫిక్షన్ వాళ్లకి డెన్మార్క్ వాళ్ల 1918 నాటి హిమ్మెల్‌స్కిబెత్, అంగారక గ్రహం మీద శాకాహారులైన శాంతికాముకులుంటారు, మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తుండగా తీశారని చెప్తే ఆ అమాయకత్వం అర్థమవుతుంది. సోవియట్ వాళ్ల మార్స్ సినిమా ఆయెలితా అందరూ చెప్తారు కానీ అందులో మార్స్ సీన్లు తక్కువ, ఆ డ్రెస్సులు చూసి మోజుపడి వెళ్తే మిగతా సినిమా మాస్కో సంసారం, అది ముందే చెప్పేయండి. కల్లాంటి సినిమాలు కోరుకునేవాళ్లకి జెర్మేన్ దులాక్ 1928లో తీసిన ది సీషెల్ అండ్ ది క్లెర్జీమన్, నలభై నిమిషాలు. దీనికి అర్థమే లేనట్టుంది, ఒకవేళ ఉంటే అది కచ్చితంగా అభ్యంతరకరమైనదే అన్న ధోరణిలో రాసి బ్రిటిష్ సెన్సారోళ్లు ఆపేశారు. ఇంతకన్నా మంచి పబ్లిసిటీ మనం రాయలేం.

నలుగురికి కలిపి చూపించాలంటే వైజాగ్‌లో డిసెంబర్, జనవరి సాయంత్రాలు మంచివి, ఉక్కపోత ఉండదు. మేడ మీద దుప్పటి తెరగా కడితే సముద్రం గాలికి తెరచాపలా ఉబ్బుద్ది, హీరోయిన్ మొహం వంకర్లు పోద్ది, కింద వెదురు కర్ర కట్టి రెండు ఇటుకలు పెట్టండి, లేదా సున్నం వేసిన గోడ మీదే వెయ్యండి. గంటంబావు దాటిన సినిమా మొదటిసారి వద్దు. ముంత మసాలా సినిమాకి ముందే తినిపించేయండి, మూకీలో కాగితం పొట్లం చప్పుడు కూడా పిడుగులా ఉంటది. ఇంగ్లీషు కార్డులు వేగంగా చదవలేని పెద్దవాళ్లుంటే ఒకళ్లు పక్కన కూర్చుని తెలుగులో చెప్పండి, కార్డు వచ్చినప్పుడు మాత్రమే, మధ్యలో కామెంట్లు లేకుండా. మన దగ్గర కూడా మూకీల కాలంలో హాల్లో ఒక మనిషి నిలబడి కార్డులు చదివి వినిపించేవాడు, ఇది కొత్త పద్ధతేం కాదు. మావయ్యకి నేను చదివి చెప్తుంటే పక్కనున్న కుర్రాళ్లు కూడా కార్డు చదవడం మానేసి వినడం మొదలుపెట్టారు.

అయిపోగానే "ఎలా ఉంది?" అని మీద పడొద్దు. ఏ సీను గుర్తుండిపోయిందో రెండు రోజులాగి అడగండి, ఆ సీనే తర్వాత ఏ సినిమా ఇవ్వాలో చెప్తుంది. దెయ్యం గుర్తుంటే ఇంకో దెయ్యం, మొహాలు గుర్తుంటే మెనిల్‌మొంతా.

ఇది మాత్రం ఆఖర్న ఇవ్వండి, మూడు నాలుగు చూసి అలవాటు పడ్డాక. పారిస్, 1926, దిమిత్రి కిర్సనోఫ్, నలభై నిమిషాల లోపే. ఒక్క కార్డు కూడా ఉండదు, మొదటి నిమిషంలోనే గొడ్డలి హత్య, దాన్ని ముక్కలు ముక్కలుగా కట్ చేసిన తీరు చూసి హారర్ కుర్రాళ్లు అదిరిపోతారు, ఇదంతా ఇలాగే ఉంటుందనుకుంటారు. అక్కణ్ణుంచి సినిమా ఇద్దరు అక్కాచెల్లెళ్ల బతుకులోకి వెళ్లిపోద్ది. చలికాలం, పార్కు బెంచీ, చంటిబిడ్డతో ఎక్కడికీ పోలేని అమ్మాయి, పక్కన ఒక ముసలాయన రొట్టె తింటా ఉంటాడు. నోట్లోంచి ఆవిరి వస్తుంటది. ఆయన ఆ అమ్మాయి వైపు చూడడు, చిన్న ముక్క కోసి బెంచీ మీద ఇద్దరికీ మధ్యలో పెడతాడు. ఆ అమ్మాయి తీసుకుంటది. ఏడుస్తా నములుతది. ఆయన ఇంకో ముక్క కోస్తాడు.

ఈ సీను సంగతి చూపించేవాళ్లకి ముందే చెప్పకండి, సినిమా అయ్యాక లైటు కూడా వెంటనే వెయ్యకండి.